గోడంత బొమ్మకి తక్కువ ఖర్చులో స్టెన్సిల్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నమస్తే అండి. మాది ఖమ్మం జిల్లాలో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల. వరండా గోడ మీద ఇండియా మ్యాప్ పెద్దగా వేయాలని అనుకుంటున్నాం, సుమారు 6 అడుగుల వెడల్పు. పెయింటర్ చెప్పిన రేటు మాకు అందేలా లేదు, పైగా ఆయన చూసి గీస్తానంటున్నాడు, సరిహద్దులు కరెక్ట్‌గా వస్తాయో రావో. ఆన్‌లైన్‌లో అంత పెద్ద స్టెన్సిల్ దొరకట్లేదు. మేమే ప్రింట్ తీయించి స్టెన్సిల్ చేసుకోవచ్చా? ఎక్కడ తీయించాలి? (ఒక టీచర్)

జవాబు: హాయిగా చేసుకోవచ్చు టీచర్ గారూ, పిల్లలతో కలిసి చేసుకోవచ్చు. కాకపోతే ముందు ఒక మాట చెప్తాను, దీనివల్లే మీ డబ్బులు సగం మిగుల్తాయి. మీకు కావాల్సింది స్టెన్సిల్ కాదు, గీత. స్టెన్సిల్ అంటే కోసిన షీటు, ఒకే డిజైన్ పది చోట్ల వేయాల్సి వస్తే దాన్ని కోసే కష్టానికి ఫలితం ఉంటుంది. మ్యాప్ ఒక్కసారే వేస్తారు కదా, దానికి 6 అడుగుల ప్లాస్టిక్ షీట్ కొని, గుజరాత్ తీరం దగ్గర వంకరలన్నీ బ్లేడుతో కోసి, మధ్యలో చిరిగితే మళ్ళీ అతికించి, ఇదంతా అవసరం లేదు. మామూలు కాగితం మీద గీతలు మాత్రమే ప్రింట్ తీసి, ఆ గీతని గోడ మీదకి దించి, లోపల బ్రష్‌తో రంగు నింపేస్తే అయిపోతుంది.

మ్యాప్ ఎక్కడనుంచి తీసుకోవాలి అనేది ముఖ్యం. గూగుల్‌లో కనిపించిన ఏదో ఒక బొమ్మ వద్దు, చాలావాటిల్లో జమ్మూ కశ్మీర్ సరిహద్దు తప్పుగా ఉంటుంది. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ వెబ్‌సైట్‌లో మ్యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి, అక్కడివే వాడండి. వాళ్ళ మ్యాప్‌తో సరిపోలని దేశ సరిహద్దుల్ని ప్రచురించడం 1961 నాటి చట్టం ప్రకారం నేరం కూడా, స్కూల్ గోడ అంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి కదా. రాష్ట్రాలు కూడా చూసుకోండి, 2014లో తెలంగాణ వచ్చింది, 2019లో జమ్మూ కశ్మీర్, లద్దాఖ్ వేరయ్యాయి, 2020 జనవరిలో దాద్రా నగర్ హవేలీ, డామన్ డయ్యూ కలిసిపోయాయి. ఇప్పుడు 28 రాష్ట్రాలు, 8 కేంద్రపాలిత ప్రాంతాలు ఉండాలి. ప్రింట్‌కి ఇచ్చేముందు పిల్లలతోనే లెక్కపెట్టించండి, అదే ఒక క్లాస్ అయిపోతుంది.

సైజు విషయానికొస్తే మన దేశం తూర్పు పడమరలు సుమారు 2933 కిలోమీటర్లు, ఉత్తర దక్షిణాలు సుమారు 3214. అంటే 6 అడుగుల వెడల్పు పెడితే ఎత్తు ఆరున్నర అడుగులు దాటుతుంది, గోడ మీద అంత జాగా ఉందో లేదో ముందే టేపు పెట్టి చూసుకోండి, కింద రెండు అడుగులు వదలాలి, లేకపోతే పిల్లలు ఆనుకుని కూర్చుని కన్యాకుమారి చెరిగిపోతుంది.

ఇక ప్రింట్. అన్నిటికన్నా చవక ఎ4 కాగితాల మీద ముక్కలుగా తీయడం. మ్యాప్ పీడీఎఫ్‌ని కంప్యూటర్‌లో అడోబీ రీడర్‌లో ఓపెన్ చేసి ప్రింట్ నొక్కితే అక్కడ పోస్టర్ అని ఒక బటన్ ఉంటుంది, చాలామంది దాన్ని చూడనే చూడరు. అది నొక్కి టైల్ స్కేల్ దగ్గర ఎంత శాతం పెంచాలో ఇవ్వాలి. పీడీఎఫ్‌లో మ్యాప్ వెడల్పు స్కేల్‌తో కొలిస్తే 19 సెంటీమీటర్లు ఉందనుకోండి, 6 అడుగులంటే 183 సెంటీమీటర్లు కాబట్టి 960 శాతం ఇస్తే సరిపోతుంది. ఓవర్‌ల్యాప్ ఒక సెంటీమీటర్ పెట్టండి, కట్ మార్క్స్, లేబుల్స్ రెండూ టిక్ చేయండి. ఆ లేబుల్స్ లేకపోతే ఏ కాగితం ఏ వరసదో తెలియక బంగాళాఖాతం కాగితాలన్నీ తెల్లగా ఒకేలా కనిపించి పిచ్చెక్కుతుంది. ఈ సైజుకి సుమారు 80 ఎ4 కాగితాలు పడతాయి, పేజీకి 2 రూపాయలు అనుకున్నా 160 రూపాయలు. అందులో మొత్తం సముద్రమే ఉన్న పేజీలు ప్రింట్ తీయకుండా వదిలేయొచ్చు, వాటి బదులు తెల్ల కాగితం అతికించండి. అదే ఎ3లో అయితే దాదాపు 40 చాలు, అతికించే పని సగానికి తగ్గుతుంది.

కానీ మీకు ఖమ్మం టౌన్ దగ్గరైతే నేను చెప్పేది ప్లాటర్ ప్రింట్. బిల్డింగ్ ప్లాన్లు తీసే షాపులు ఉంటాయి చూడండి, ఇంజినీర్ల ఆఫీసుల దగ్గర, మున్సిపల్ ఆఫీసు దగ్గర, పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ కాలేజీల దగ్గర. వాళ్ళ దగ్గర కాగితం రోల్‌గా ఉంటుంది, చాలాచోట్ల 36 అంగుళాల వెడల్పు, పొడవు ఎంతైనా వస్తుంది. అంటే మీ మ్యాప్ మొత్తం రెండే రెండు పొడవాటి ముక్కల్లో వచ్చేస్తుంది, అంచుల్లో ప్రింటర్ కొంచెం వదుల్తుంది కాబట్టి మ్యాప్ వెడల్పుని 6 అడుగుల బదులు ఐదు ముప్పావుకి తగ్గించుకోండి, లేకపోతే ఆ రెండంగుళాల కోసం మూడో ముక్కకి డబ్బులు పెట్టాలి. షాపులో అడిగేటప్పుడు పోస్టర్ అనొద్దు, పోస్టర్ అంటే కలర్ ఫోటో పేపర్ రేటు చెప్తారు. లైన్ డ్రాయింగ్, బ్లాక్ అండ్ వైట్, మామూలు పేపర్ అని అడగండి. రంగులు నింపిన మ్యాప్ ఇస్తే ఇంక్ ఎక్కువ తాగుతుంది, రేటు కూడా మారుతుంది, అందుకే గీతలు మాత్రమే ఉన్న ఫైల్ ఇవ్వండి. ఫైల్‌ని వాట్సాప్‌లో ఫోటోలాగా పంపితే క్వాలిటీ పోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి లేదా పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళండి.

ఫ్లెక్సీ మీద తీయిస్తే ఎలా ఉంటుంది అని కూడా మీకు డౌట్ వస్తుంది. చదరపు అడుగుకి 15 రూపాయలు అనుకున్నా 6 అడుగులు బై 7 అడుగులకి 630 అవుతుంది, కాగితంతో పోలిస్తే చాలా ఎక్కువ, గీత దించడానికి కాగితం చేసే పనే అదీ చేస్తుంది.

గీత దించే పద్ధతి మాత్రం కొంచెం ఓపికగా చదవండి, అసలు పని ఇక్కడే ఉంది. మీ ఊళ్ళో మగ్గం వర్క్ చేసేవాళ్ళు ఉంటే వాళ్ళ దగ్గర కాసేపు కూర్చోండి. బ్లౌజ్ మీదకి డిజైన్ ఎలా దించుతారంటే, ట్రేసింగ్ పేపర్ మీద గీసుకుని, గీత వెంబడి సూదితో దగ్గర దగ్గరగా చిల్లులు పొడిచి, బట్ట మీద పెట్టి, కిరోసిన్‌లో కలిపిన పౌడర్‌ని గుడ్డతో రుద్దుతారు, చిల్లుల్లోంచి దిగి చుక్కల డిజైన్ పడుతుంది. గోడకి కూడా సరిగ్గా ఇదే, కాకపోతే కిరోసిన్ వద్దు, పొడి మాత్రమే. ఇది చాలా పాత విద్య అండి, ఇటలీలో రఫాయెల్ 1509 ప్రాంతంలో వాటికన్‌లో వేసిన స్కూల్ ఆఫ్ ఏథెన్స్ అనే గోడ చిత్రానికి గీసుకున్న కాగితం నమూనా ఇప్పటికీ మిలాన్‌లో ఉంది, 8 మీటర్ల వెడల్పు, అంత పెద్ద కాగితం అప్పుడు లేదు కాబట్టి చిన్న కాగితాలు బోలెడు అతికించారు, గీతల మీద సూది చిల్లులు ఉన్నాయి. మీ 80 ఎ4 కాగితాల పద్ధతి అదే.

మీరు చేయాల్సింది: ప్రింట్‌ని దుప్పటి మీదో థర్మోకోల్ మీదో పరిచి, బొంత సూదితోనో టైలర్లు వాడే పళ్ళ చక్రంతోనో గీత వెంట చిల్లులు పెట్టించండి, నాలుగు మిల్లీమీటర్లకి ఒకటి చాలు. చక్రం అయితే పిల్లలకి చాలా ఇష్టంగా ఉంటుంది, పని కూడా తొందరగా అవుతుంది, సూది మాత్రం పెద్ద క్లాసు పిల్లలకే ఇవ్వండి. తర్వాత గోడ మీద నిలువు గీత ఒకటి కావాలి, మేస్త్రీ దగ్గర గుండు కట్టిన దారం అడిగి పైనుంచి వేలాడదీసి పెన్సిల్‌తో గీసుకోండి, కాగితం మధ్య గీత దానికి ఆనించి మాస్కింగ్ టేప్‌తో పైనుంచి కిందకి అతికించండి. పాత పల్చటి బనీను గుడ్డలో బొగ్గు పొడి మూటకట్టి గీతల మీద తట్టుతూ పోవాలి, రుద్దకూడదు. గోడ ముదురు రంగైతే బొగ్గు బదులు సుద్దముక్కల పొడి. పసుపు, నీలిమందు వాడొద్దు, మరకలు పైన వేసిన రంగులోంచి కూడా కనపడతాయి. కార్బన్ పేపర్ కూడా వద్దు, జిడ్డుగా ఉంటుంది, లేత రంగు కిందనుంచి ఆ గీత తొంగి చూస్తుంది. కాగితం మొత్తం తీసేముందు ఒక మూల ఎత్తి చూడండి, చుక్కలు పడలేదంటే ఇంకోసారి తట్టొచ్చు, ఒకసారి తీసేశాక మళ్ళీ అదే జాగాలో పెట్టడం చాలా కష్టం. చుక్కలు కలుపుతూ పెన్సిల్‌తో గీసేసి పొడి గుడ్డతో దులిపేస్తే గోడ రంగుకి రెడీ.

ఆ చిల్లుల కాగితం పారేయకండి, చుట్టి దాచండి. పక్క ఊరి స్కూల్‌కి ఇస్తే వాళ్ళకి ప్రింట్ ఖర్చు కూడా ఉండదు, ఒక్క కాగితం చాలా గోడలకి పనికొస్తుంది.

ప్రశ్న: మా ఫ్లాట్‌లో హాల్‌లో ఒక గోడకి వాల్‌పేపర్ లాగా రిపీట్ డిజైన్ వేద్దామని చార్ట్ మీద స్టెన్సిల్ చేశాను, అడుగున్నర సైజు. మూడోసారి వేసేసరికి నానిపోయి వంగిపోయింది, పెయింట్ కూడా అంచుల కిందకి కారి డిజైన్ చెడిపోయింది. రెడీమేడ్ స్టెన్సిల్స్ ఈ సైజులో చాలా రేటు ఉన్నాయి. ఏం చేయాలి? (ఒక గృహిణి, హైదరాబాద్)

జవాబు: మీకైతే నిజంగా స్టెన్సిలే కావాలమ్మా, ఎందుకంటే ఒకటే డిజైన్ చాలాసార్లు దించాలి. చార్ట్ నీళ్ళ పెయింట్‌కి ఆగదు. మీ దగ్గర ఇంకో చార్ట్ ఉంటే కోయకముందే రెండు వైపులా వెడల్పాటి పార్సిల్ టేప్ ఒకదాని పక్కన ఒకటి అతికించి ఆ తర్వాత కోయండి, ఒక గోడ వరకు బానే వస్తుంది, చేతిలో డబ్బులు లేనప్పుడు ఇంతకన్నా చవక లేదు.

కొంచెం గట్టిగా ఉండాలంటే పాత ఎక్స్‌రే ఫిల్ములు. చాలా ఇళ్ళల్లో బీరువా పైన ఒక కవర్ నిండా ఉంటాయి, డాక్టర్‌కి ఇక అవసరం లేనివి మాత్రమే తీసుకోండి. అది పాలిస్టర్ షీటు, నీళ్ళకి ఏం కాదు, చిరగదు, వంగి మళ్ళీ తిన్నగా అవుతుంది. పెద్ద సైజు 14 బై 17 అంగుళాలు ఉంటుంది కాబట్టి మీ అడుగున్నర డిజైన్‌కి నాలుగు, పైన రెండు కింద రెండు పెట్టి టేప్ వేస్తే సరిపోతుంది. నల్లగా ఉండి కింద డిజైన్ కనపడదు అనుకుంటే బ్లీచింగ్ కలిపిన నీళ్ళలో కాసేపు నానబెట్టి స్పాంజితో తుడిస్తే ఆ నలుపు ఊడి లేత నీలం రంగు పారదర్శక షీట్ మిగుల్తుంది. గ్లవ్స్ వేసుకోండి, గాలి ఆడే చోట చేయండి, వేరే క్లీనింగ్ లిక్విడ్లు ఏవీ అందులో కలపొద్దు. ఎక్స్‌రేలు లేకపోతే స్టేషనరీ షాపులో ఓహెచ్‌పీ షీట్లు, అంటే ప్రొజెక్టర్‌కి వాడే పారదర్శక ప్లాస్టిక్ షీట్లు అడగండి, కాస్త పల్చన గానీ పని నడుస్తుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి, ప్లాస్టిక్ షీట్‌ని ప్రింటర్‌లో పెట్టకండి. మామూలు ఇంక్‌జెట్ ఇంక్ దాని మీద ఆరదు, లేజర్ ప్రింటర్ వేడికి తప్పు రకం షీట్ లోపలే కరిగి అతుక్కుంటుంది. డిజైన్ కాగితం మీదే ప్రింట్ తీసి, దాని పైన షీట్ పెట్టి నాలుగు వైపులా టేప్ వేసి, కింద కనిపించే గీత వెంట కోయాలి, అంతే. కోసేటప్పుడు బ్లేడ్ తిప్పకుండా షీట్ తిప్పండి, లోపలి చిన్న కంతలు ముందు కోయండి, బయట పెద్దవి చివర్లో. టంకం పెట్టే కడ్డీతో కాల్చి కోసేవాళ్ళు కూడా ఉన్నారు, పాలిస్టర్‌కి అది కుదురుతుంది, కిటికీలు తెరిచి పెట్టుకుని చేయండి. కానీ పాత ఫ్లెక్సీని స్టెన్సిల్‌కి వాడితే మాత్రం దాన్ని కాల్చి కోయకండి, ఫ్లెక్సీ పైన ఉండేది పీవీసీ, అది కాలితే వచ్చే పొగ ఊపిరితిత్తులకి మంచిది కాదు. ఫ్లెక్సీని బ్లేడుతో కోస్తే బానే ఉంటుంది, లోపల దారాల వల వల్ల అంచు కొంచెం గరుకుగా వస్తుంది, పెద్ద పెద్ద ఆకులు, గుండ్రాల డిజైన్లకి పర్వాలేదు.

ఇక కారడం గురించి. అందులో స్టెన్సిల్ తప్పు తక్కువ, బ్రష్ మీద పెయింట్ ఎక్కువవడమే కారణం. నాలుగంగుళాల ఫోమ్ రోలర్ తీసుకుని, పెయింట్‌లో ముంచాక పాత పేపర్ మీద దొర్లించి దొర్లించి, ఇక ఏం రావట్లేదేమో అనిపించే దాకా తీసేసి అప్పుడు గోడ మీద వేయండి. పెయింట్‌లో నీళ్ళు కలపొద్దు. ఒక్కసారిలో ముదురుగా రావాలని నొక్కకండి, పల్చగా రెండు సార్లు వేయండి. ప్రతి నాలుగైదు సార్లకి షీట్ వెనక వైపు తుడుచుకోండి, కిందకి చేరిన తడే పక్క డిజైన్‌ని పాడు చేసేది. మొదటిది గోడ మధ్యలో మొదలుపెట్టి రెండు వైపులకి వెళ్ళండి, మూల నుంచి మొదలుపెడితే అటు చివర సగం డిజైన్ మిగిలి అసహ్యంగా ఉంటుంది. పక్కదానికి జరిపేటప్పుడు లైన్ తప్పకుండా షీట్ నాలుగు మూలల్లో చిన్న చిల్లు పెట్టుకుని గోడ మీద పెన్సిల్ చుక్క పెట్టుకోండి.

గోడకి ఉన్నది పాత డిస్టెంపర్ అయితే టేప్ తీసేటప్పుడు పొరలాగా ఊడొస్తుంది, టేప్‌ని ముందు మీ డ్రెస్‌కి రెండుసార్లు అంటించి జిగురు తగ్గించి అప్పుడు గోడకి వాడండి.

ప్రశ్న: మేం అమెరికాలో డాలస్ దగ్గర ఉంటాం. బతుకమ్మకి కమ్యూనిటీ హాల్‌లో 10 అడుగుల బ్యాక్‌డ్రాప్ మీద పెద్ద బతుకమ్మ బొమ్మ పెయింట్ చేద్దామనుకుంటున్నాం. ఇక్కడ పోస్టర్ ప్రింట్ రేట్లు చూసి భయమేసింది. చవగ్గా ఏమన్నా ఉందా?

జవాబు: ఉంది. స్టేపుల్స్ లాంటి షాపుల్లో పోస్టర్ అని కాకుండా ఇంజినీరింగ్ ప్రింట్ లేదా బ్లూప్రింట్ అనే ఆప్షన్ కింద ఆర్డర్ పెట్టండి, నలుపు తెలుపులో 24 బై 36, 36 బై 48 అంగుళాల సైజులు వస్తాయి, పోస్టర్ రేటుతో పోలిస్తే చాలా తక్కువ. 10 అడుగులని 36 బై 48 ముక్కలుగా విడగొట్టి ఆర్డర్ పెడితే సరి. ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో బొమ్మని ఓపెన్ చేసి ట్రేస్ బిట్‌మ్యాప్ కొడితే గీతలుగా మారుతుంది, ఎంత పెద్దది చేసినా అంచులు మసకబారవు. బొమ్మ మొత్తానికి పైన టీచర్ గారికి చెప్పిన చిల్లుల పద్ధతి వాడండి, స్టెన్సిల్ మాత్రం పూలకి చేసుకోండి, తంగేడు పువ్వు ఒకటి, గునుగు ఒకటి, బంతి ఒకటి, మూడు చిన్న స్టెన్సిల్స్ ఉంటే చాలు, వరసలు వరసలుగా పిల్లలే వేసేస్తారు. మీ దగ్గరి పబ్లిక్ లైబ్రరీలో మేకర్‌స్పేస్, అంటే ఎవరైనా వెళ్ళి మెషిన్లు వాడుకునే గది ఉంటే అక్కడ కటింగ్ మెషిన్ కూడా ఉండొచ్చు, అడిగి చూడండి, ఆ పూల స్టెన్సిల్స్ అక్కడే కోయించుకోవచ్చు.

ప్రశ్న: అన్నా, గుంటూరులో చిన్న టిఫిన్ సెంటర్ పెడుతున్నా. ఫ్లెక్సీ కాకుండా పేరు గోడ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో పెయింట్ చేయించాలని ఉంది. అక్షరం ఒక్కోటి అడుగున్నర ఎత్తు. కాగితం మీద ప్రింట్ తీసి కోస్తే సున్నాల మధ్యలో ముక్క ఊడి పడిపోతోంది. డీటీపీ షాపులో ఫైల్ ఇస్తే అక్షరాలు విరిగిపోయి వచ్చాయి. ఎలా?

జవాబు: తమ్ముడూ, ముందు మంచి నిర్ణయం తీసుకున్నావ్, ఎండకి రెండేళ్ళలో వెలిసిపోయే ఫ్లెక్సీ కన్నా గోడ మీద పేరు ఎంతో అందం.

అక్షరాలు విరగడం ఎందుకంటే, నువ్వు ఫోన్‌లో టైప్ చేసేది యూనికోడ్, అంటే ఫోన్లు, కొత్త కంప్యూటర్లు అన్నిటికీ ఒకటే అక్షరాల పద్ధతి, డీటీపీ షాపుల్లో చాలావరకు అను ఫాంట్లతో పని చేస్తారు, వాటిది వేరే పాత పద్ధతి, వాళ్ళ డిజైన్ సాఫ్ట్‌వేర్ పాత కోరల్‌డ్రాలో యూనికోడ్ తెలుగు పడితే ఒత్తులు, గుణింతాలు చెదిరిపోతాయి. దీనికి రెండు దార్లు. ఒకటి, పేరు వాళ్ళనే వాళ్ళ ఫాంట్‌లో టైప్ చేయమనడం. రెండోది, నువ్వే ఇంక్‌స్కేప్‌లో నచ్చిన ఫాంట్‌లో టైప్ చేసి, అక్షరాల్ని పాత్‌లుగా మార్చి పీడీఎఫ్ ఇవ్వడం, షాపువాళ్ళు దీన్నే కర్వ్స్ చేయడం అంటారు. అప్పుడది అక్షరం కాదు, బొమ్మ, ఏ కంప్యూటర్‌లోనూ విరగదు. ఫాంట్ కోసం గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి ఉచితంగా ఉన్నాయి, గోడకైతే రామభద్ర బాగుంటుంది, బొద్దుగా ఉంటుంది, రోడ్డు అవతలనుంచి కూడా చదవొచ్చు. సన్నటి గీతల ఫాంట్లు గోడకి వద్దు.

సున్నా సంగతి. కోసిన స్టెన్సిల్‌లో లోపలి ముక్కని పట్టుకోవడానికి సన్నటి వంతెనలు వదలాలి, సున్నాకి పైన ఒకటి కింద ఒకటి, ర లాంటి మూసుకుపోయిన అక్షరాలకి కూడా అంతే. అరంగుళం వెడల్పు చాలు, పెయింట్ ఆరాక ఆ ఖాళీలు చేత్తో బ్రష్‌తో నింపేయొచ్చు.

అసలు ఇదేదీ లేకుండా ఇంకో దారి ఉంది, బండి నంబర్ ప్లేట్ల రేడియం స్టిక్కర్ షాపు. వాళ్ళ దగ్గర స్టిక్కర్ కోసే మెషిన్ ఉంటుంది, సాధారణంగా రెండడుగుల వెడల్పు దాకా కోస్తుంది, నీ అడుగున్నర అక్షరాలకి సరిపోతుంది. రేడియం వద్దు, అన్నిటికన్నా చవక రకం మామూలు స్టిక్కర్ చాలు, ఏ రంగు మిగిలిపోయి ఉంటే ఆ రంగు ఇమ్మను, రేటు తగ్గిస్తారు. వాళ్ళకి వివరంగా చెప్పాలి, మామూలుగా అక్షరాలు ఉంచి చుట్టూ ఉన్నది పారేస్తారు, నీకు దానికి రివర్స్ కావాలి, అక్షరాలు పీకేసి చుట్టూ ఉన్న స్టిక్కర్, సున్నాల మధ్య ముక్కలు అలాగే ఉంచి పైన ట్రాన్స్‌ఫర్ టేప్ వేసి ఇమ్మను. ఆ టేప్ వల్ల మధ్య ముక్కలు కూడా వాటి జాగాలోనే గోడకి అంటుకుంటాయి, వంతెనలతో పనే లేదు.

గోడ పుట్టీ పెట్టి నున్నగా ఉంటేనే ఇది కుదురుతుంది. కొత్తగా పెయింట్ వేసి ఉంటే కనీసం వారం పది రోజులు ఆరనివ్వు. స్టిక్కర్ అంటించి పైన ఉన్న ట్రాన్స్‌ఫర్ టేప్ తీసేశాక ముందు గోడ రంగునే పల్చగా అంచుల మీద ఒకసారి వేసెయ్, సందులుంటే అది దూరి మూసేస్తుంది, ఆరాక అసలు రంగు వెయ్, రెండో కోటు కొంచెం తడిగా ఉండగానే స్టిక్కర్‌ని వెనక్కి మడిచి నెమ్మదిగా లాగు.

గోడ గరుకుగా ఉంటే, బయట గోడలు ఎక్కువ అలాగే ఉంటాయి, స్టిక్కర్ అంటుకోదు. అప్పుడు ప్లాటర్ ప్రింట్, చిల్లులు, బొగ్గు పొడి, పైన చెప్పిందంతా. గీత దిగాక లోపల రంగు నింపడానికి మీ ఊళ్ళో పాత బోర్డు ఆర్టిస్ట్ ఎవరైనా ఉన్నారేమో కనుక్కో. ఫ్లెక్సీలు వచ్చాక వాళ్ళల్లో చాలామందికి పని పోయింది, చేతిలో విద్య మాత్రం అలాగే ఉంది. గీత నువ్వే దించి ఇస్తే ఆయనకి సగం పని తగ్గుతుంది, నీకు రేటు తగ్గుతుంది, అంచులు మాత్రం ఆయన చేతిలో తీసినట్టు మనకి రావు. బయట గోడ కాబట్టి ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ కొను, చిన్న డబ్బా చాలు, డిస్టెంపర్ వేస్తే మొదటి వానకే కారిపోతుంది.